ఎదుటి సీమ చెయ్యి

మందరావతి నగరం తూర్పు కోటగుమ్మం దగ్గర గాజుల మలారం భుజాన వేసుకుని నిలబడ్డ ఆ మనిషి గాజుల సెట్టి కానే కాదు. కొండసీమ విలుకాడు రేచన. గడ్డానికి తెల్లరంగు పూసుకున్నాడు. నడుము వంచుకున్నాడు. బుగ్గన ఇంత తాంబూలం కుక్కుకుని గొంతు మార్చుకున్నాడు. అసలు పేరు చెబితే కావలివాళ్ళు కత్తులు దూస్తారు మరి! వచ్చిన పని ఒక్కటే. ఈ ఊళ్ళో కాపురముంటున్న తన అక్క మాచలను, పండుగ సందడిలో ఎవరి కంటా పడకుండా కొండకు తీసుకుపోవాలి.

ఆ రోజు నగరం అలంకారం చూసి తీరవలసిందే. వీధివీధినా అరటి బోదెలు, మామిడి తోరణాలు, పట్టు పందిళ్ళు. మేడల మీదినుంచి కిందికి జారవిడిచిన చిత్రకంబళాల మీద సూర్యుడి బంగారం. నెత్తిన ముత్యాల కుచ్చులు వేలాడుతుండగా ఏనుగులు బారులు తీరి నడుస్తున్నాయి. పన్నీరు చల్లేవాళ్ళు, భేరీలు మోగించేవాళ్ళు, పిల్లనగ్రోవులూదేవాళ్ళు, అబ్బో, చెప్పనలవి కాదు! కానీ కాస్త పరికించి చూస్తే ఆ పందిళ్ళ మధ్య మూసిన తలుపులు కనిపిస్తాయి. కొండసీమ నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ళ వాడలో ఒక్క గుమ్మానికీ తోరణం లేదు. ఒక గోడ మీద ఎవరో "దొంగలు" అని బొగ్గుతో రాసి పెట్టారు.

"చెయ్యి చాపు, సెట్టీ!" అన్నాడు కావలి భటుడు. రేచన చాపాడు. భటుడు అతని మణికట్టుకు ఒక ఎర్రనూలు పోగు చుట్టి ముడి వేశాడు. వేలికి పట్టేంత చిన్న కత్తి కూడా ఒకటి ఇచ్చాడు. "కోట నుంచి కొమ్ము ఊదేదాకా తెంపకు. రాజగురువు స్వయంగా వడికించిన నూలు ఇది."

ఈ నూలు సంగతి తెలియనివాడు అటు కొండసీమలో గానీ, మందరావతి ఉన్న ఈ ఏటిసీమలో గానీ లేడు. నూరేళ్ళ కిందట తంతునాభుడనే మాంత్రికుడు ఈ నేలను ఏలాడు. ప్రతి మనిషి మణికట్టుకూ ఒక మంత్రపు నూలు కట్టించాడు. వాడు ఎత్తమంటే ఆ చెయ్యి లేచేది, కొట్టమంటే కొట్టేది. ఎవడైనా తెంపుకోబోతే నూలు చర్మంలోకి దిగి కనబడకుండా పోయేది. చివరికి ఒక కొండసీమ మనిషీ ఒక ఏటిసీమ మనిషీ తెగించి ఎదురెదురుగా నిలబడి, ఒకరి నూలు ఒకరు తెంపారు. అప్పుడు తెగింది. మాంత్రికుడు పారిపోయాడు, రెండు సీమలూ కలిసి ఒక దేశమయ్యాయి. అది కట్టు తెగిన పండుగ. ఏటా ఆ రోజున మామూలు నూలు పోగు కట్టుకోవడం, ఎదుటి సీమవాడి దగ్గరికి పోయి చెయ్యి చాపడం, "నీ నూలు నేను తెంపాను, నా నూలు నువ్వు తెంపు" అనుకోవడం, ఆ తర్వాత అటుకులూ బెల్లమూ తినడం. నూరేళ్ళలో అటుకులూ బెల్లమే గుర్తుండిపోయాయి. ఆ చెయ్యి ఎదుటి సీమదే ఎందుకు కావాలో ఆలోచించేవాడు లేకుండా పోయాడు.

ఈ ఏడు ఆ అటుకులు కూడా ఎవరి నోటికీ రుచించడం లేదు. కొండసీమ అడవులన్నీ రాజువేనని మాఘమాసంలో చాటింపు వేశారు. కాదన్న ఊళ్ళను సైన్యం తగలబెట్టింది. కొండవాళ్ళు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారా? ఏటిసీమ పంటకుప్పలకు నిప్పు పెట్టారు, పడవలవాళ్ళను నరికారు. రేచన అమ్ములపొది కూడా ఊరికే ఖాళీ కాలేదు. అతని అన్న గుండమ మాత్రం ఇంట్లోనే కాలి బూడిదయ్యాడు. వాళ్ళ ఊరి మీదికి సైన్యాన్ని నడిపించినవాడు దండనాయకుడు బల్లాణుడు. ఎవరనుకున్నారు ఆ బల్లాణుడు? మాచల మొగుడు. రేచనకు స్వయానా బావ.

నాలుగు వీధుల కూడలిలో తప్పెట మోగింది. "రాజగురువు సౌమ్యదేవుల మాట వినండహో! ఈ నూరో పండుగకు ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోనక్కర్లేదు! పగవాడి చేతికి కత్తి ఇచ్చి మణికట్టు చాపనక్కర్లేదు! కొమ్ము ఊదగానే ఎవరి నూలు వాళ్ళే తెంపుకోండహో!"

"అదీ మాట!" అన్నాడొక పాలవాడు. "కొండోడి చేతికి నా నరం అప్పజెప్పడానికి నాకేం పిచ్చా?"

రేచన తాంబూలం ఉమ్మేశాడు. ఈ రాజ్యంలో తనకు నచ్చిన మాట మొట్టమొదట ఇదే. ఏటివాడి వేలు తన చేతికి తగలడం ఊహించుకుంటేనే అతనికి ఒళ్ళు జలదరించింది. కొమ్ము ఊదగానే తెంపుకుని అవతల పారేద్దామనుకుంటూ దండనాయకుడి మేడ వైపు నడిచాడు.

మేడ ముంగిట పల్లకీ సిద్ధంగా ఉంది, బోయీలు పక్కన కూర్చుని ముచ్చట్లాడుకుంటున్నారు. గుమ్మానికి పసుపు రాసి ఉంది. వాకిట్లో పెద్ద ముగ్గు సగం వేసి, మిగతా సగం చుక్కలు పెట్టి వదిలేసి ఉంది. రేచన ఆ చుక్కలు తొక్కకుండా పక్కనుంచి నడిచి "గాజులమ్మా, గాజులూ!" అని కేకేశాడు.

మాచల బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. మనిషి సగమైపోయింది. మారుమాట లేకుండా చెయ్యి చాపింది. రేచన ఆ చెయ్యి పట్టుకుని గాజు ఎక్కించబోయాడు. అది టప్పున విరిగింది. ఇంకోటి తీశాడు, అదీ విరిగింది.

"గాజులు తొడగడం చాతకానివాడివి సెట్టి వేషం ఎందుకు కట్టావురా?" అంది మాచల చిన్నగా. "కల్లు ముంతలు నెత్తిన పెట్టుకుని రావలసింది. అదైతే నీకు బాగా అలవాటు."

రేచనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అక్కా, లే. గుర్రాలు బయట పెట్టాను. కట్టుబట్టలతో వచ్చెయ్."

"ఇవాళ్టి పూటా?"

"ఇవాళే. కోట తలుపులు తెరిచేది ఇవాళొక్కనాడే. ఈ దిక్కుమాలిన పండుగకు దండం పెట్టాలి, ఆ మాత్రం పనికొచ్చింది."

"దిక్కుమాలిందా?" మాచల తలెత్తింది. "ఇది రాజు పండుగ కాదురా. మన ముత్తాత కొండ దిగి వచ్చి ఏటివాడి చెయ్యి పట్టుకున్న రోజు."

"ఆ చెయ్యే పెద్దన్నను కాల్చింది!"

"నాకు తెలీదనుకున్నావా?" అంది మాచల. "ఆ మనిషితో మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? పెద్దన్న పోయిన కబురు విన్న రోజు నుంచి అన్నం వడ్డిస్తున్నాను గానీ మాట లేదు. మూట కట్టుకున్నాను. మళ్ళీ విప్పాను. పొద్దున్న లేచి గుమ్మానికి పసుపు రాశాను. ముగ్గు వేస్తుంటే పెద్దన్న గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. వెయ్యకపోతే ముత్తాతకు అన్యాయం, వేస్తే పెద్దన్నకు అన్యాయం. సగం వేసి కూర్చుని ఏడ్చాను. నన్నేం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

సరిగ్గా అప్పుడే పల్లకీ దగ్గర నుంచి "అబ్బ, దురద!" అని ఒక కేక వినబడింది. ఓబులనే బోయీ మణికట్టు గోక్కుంటున్నాడు. "కొమ్ము ఊదేదాకా ఎవడాగుతాడెహే!" అంటూ చిన్న కత్తితో తన నూలు తానే తెంపుకున్నాడు.

నూలు కింద పడలేదు. తెగిన రెండు కొసలూ జలగల్లా మెలికలు తిరిగి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి దూరిపోయాయి. ఓబులు నోరు తెరిచాడు, కేక రాలేదు. కళ్ళలో నల్లగుడ్డు బూడిదరంగుకు తిరిగింది. కుడిచెయ్యి దానంతటది లేచి కోట వైపు చాచుకుంది. తర్వాత వాడు ఎవరినీ చూడకుండా, సగం ముగ్గు తొక్కుకుంటూ కోట వైపు నడిచిపోయాడు. మిగిలిన బోయీలు పల్లకీ వదిలేసి తలో దిక్కుకూ పరుగు తీశారు.

"కథ నిజమేరా, తమ్ముడూ!" అంది మాచల. "తంతునాభుడు తిరిగొచ్చాడు. రాజగురువు వేషంలో వచ్చి ఊరంతటికీ నూలు కట్టాడు."

ఆమె మాట ముగియనేలేదు, కోట బురుజు మీద కొమ్ము ఊదారు. ఆ కూతకు రేచన మణికట్టు మీది నూలు భగ్గున మండింది. మాచల కూడా నూలున్న తన చెయ్యి పట్టుకుని విలవిల్లాడింది. ఆ మంట ఎందుకో రేచనకు వెంటనే అర్థమైంది. తెంపుకోనివాళ్ళ చేత కూడా తెంపించడానికే. అతని చెయ్యి దానంతటది చిన్నకత్తి మీదికి పోయింది. పళ్ళు బిగబట్టి వెనక్కి లాక్కున్నాడు.

"ఏటిసీమ మనిషి కావాలక్కా! నువ్వూ నేనూ ఒక సీమవాళ్ళం, మనకు మనం తెంపుకుంటే తెగదు!"

"తెగినా తెగకపోయినా చూడరా! చచ్చిపోతున్నాను!"

రేచన మొలలోని బాకు లాగి అక్క నూలు మీద ఆనించాడు. తెగదని అతనికి తెలుసు. కానీ అది తెగింది. పుటుక్కున తెగి, చిటికెడు బూడిదై అరుగు మీద రాలింది.

మాచల ఆ బూడిదను వేలితో తాకింది.

"అంటే..." అంది మాచల. "నేను మీదాన్ని కానా? నన్ను ఏటిసీమదాన్ని చేసేశారా?"

రేచన కొండకు తీసుకుపోదామనుకున్న అక్కను ఆ నూలు ఎదుటి సీమలో లెక్క కట్టింది. ఎంత ఏడుపు వచ్చినా ఇప్పుడు ఏడ్చే తీరిక లేదు. మాచల ముఖం తుడుచుకుని అతని చేతిలోని బాకు లాక్కుని, తమ్ముడి నూలు ఒక్క వేటున తెంపింది. మంట ఆరిపోయింది.

"మీ బావ రాజు పక్కనే ఉన్నాడు," అంది. "ఆయన నూలు నేను తెంపాలి. ప్రతి ఏడూ నేనే తెంపేదాన్ని."

"వాడు ఏమైపోతే నాకేం?"

"నాకేమో నాకూ తెలీదు. పద."

దండనాయకుడి భార్యకు జనం దారి ఇస్తారని ఆమె ముందు నడిచింది. తలపాగా కళ్ళదాకా దించుకుని, పళ్ళెం ఒకటి నెత్తిన పెట్టుకుని పనివాడిలా రేచన వెనక నడిచాడు. దారి పొడుగునా చూసినవి చూసినట్టు చెప్పడం కష్టం. మంటకు తాళలేక కత్తులు తీస్తున్నవాళ్ళు, చంటిపిల్ల చేతి నూలు తెంపుతున్న తల్లి, బూడిద కళ్ళతో చెయ్యి చాచి నడుస్తున్న ముసలివాళ్ళు. ఉత్సవ మైదానానికి చేరేసరికి రేచన ఇక ఆగలేకపోయాడు. పళ్ళెం విసిరికొట్టి ఒక రథం మీదికి ఎగిరి గంతేశాడు.

"తెంపుకోకండి!" అని గొంతు చించుకుని అరిచాడు. "మంత్రపు నూలు అది! ఎదుటి సీమవాడి చేత తెంపించుకోండి! పక్కవాడికి చెయ్యి చాపండి!"

తొందరలో గొంతు మార్చడం మరిచాడు. కొండ యాస స్పష్టంగా బయటపడింది.

"కొండోడురోయ్!" అని కేక వేశాడు ఇందాకటి పాలవాడు. "మన పండుగ చూసి వీడికి కడుపుమంట! నూరో ఏడు పాడుచెయ్యడానికి వచ్చాడు!"

మైదానం అంచున నిలబడ్డ కొండసీమ వాళ్ళు కొద్దిమందైనా తన మాట వింటారని రేచన అటు తిరిగాడు. వాళ్ళలో ఒక ముసలామె అతని మీద దుమ్మెత్తి పోసింది. "ఏటోళ్ళ చేతికి కత్తిచ్చి చెయ్యి చాపమంటావా? ఎంతకు అమ్ముడుపోయావురా, పాపిష్టోడా!" అంటూ అతని కళ్ళముందే తన నూలు తానే తెంపుకుంది. ఆ వెంటనే ఆమె తిట్టు ఆగిపోయింది. రేచనకు ఆ తిట్టు ఇంకా వినబడితే బాగుండుననిపించింది.

రాళ్ళు పడ్డాయి. ఒకటి నుదుటికి తగిలి నెత్తురు కారింది. అతను రథం మీదినుంచి దూకి, చక్రాల కిందుగా పాకి, ఏనుగుల కాళ్ళ మధ్యనుంచి పరుగెత్తి రాజు కూర్చున్న వేదిక మెట్లెక్కాడు. మాచల అప్పటికే అక్కడికి చేరింది.

రాజు సింహాసనం మీద బూడిద కళ్ళతో చెయ్యి చాచుకుని కూర్చున్నాడు. మంత్రులూ అంతే. అందరికంటే పైమెట్టున రాజగురువు సౌమ్యదేవుడు జనాన్ని చూసి మురిసిపోతున్నాడు. పట్టుబట్టల మధ్యనుంచి అతని పొడుగాటి వేళ్ళు గాలిలో ఏదో నేస్తున్నట్టు ఆడుతున్నాయి. ఊరంతటిలో నూలు లేని మణికట్టు అతనిదొక్కటే. పైనుంచి చూస్తున్నవాడికి కింద మెట్ల మీద జరిగేది ఇంకా కంటపడలేదు.

బల్లాణుడు వేదిక మూల స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. నూలు చుట్టూ చర్మం కాలి నల్లబడింది. చేతిలో కత్తి ఉంది. అయినా తెంపుకోలేదు.

"ఎందుకు తెంపుకోలేదు?" అంది మాచల. గుండమ పోయాక ఆమె అతనితో అన్న మొదటి మాట అదే.

"ఏటా నువ్వు తెంపేదానివి," అన్నాడు బల్లాణుడు. "వస్తావేమోనని చూశాను."

మాచల బాకు తీసి కోసింది. తెగలేదు. బలంగా కోసింది. బాకు జారిపోయింది గానీ నూలు మీద గీత పడలేదు. తనను ఏటిసీమదాన్ని చేసిన నూలు ఆ మాట మీదే నిలబడింది. ఆమె మెల్లగా వెనక్కి తిరిగి తమ్ముడి వైపు చూసింది.

అప్పటికి కింద అందరూ తమ నూలు తామే తెంపేసుకున్నారు; మైదానం మొత్తంలో ఇంకా మెలకువగా ఉన్న కొండసీమ చెయ్యి ఒక్కటే. అది రేచనది.

"తమ్ముడూ," అంది. బతిమాలలేదు. బతిమాలే ముఖం తనకు లేదని ఆమెకు తెలుసు.

"వాడిని అడగకు," అన్నాడు బల్లాణుడు మంటకు మూలుగుతూ. "వాడికి అన్నీ తెలియవు. ఒరే రేచనా, మీ అన్న ఇంట్లోంచి పోరాడుతూ కాలిపోయాడని నీకు చెప్పి ఉంటారు. కాదు. ఇంటి తలుపుకు బయట గడియ పెట్టమన్నది నేనే. లోపల మనిషి ఉన్నాడని తెలిసే పెట్టమన్నాను. అది తెలుసుకుని తెంపితే తెంపు. లేకపోతే ఆ బాకు ఇంకాస్త పైన పొడువు. నేను చెయ్యి లాక్కోను."

గడియ! ఆ ఇంటి గడియ రేచనకు తెలుసు. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి మద్దికర్ర చెక్కి బిగించిన గడియ. మాచల పక్క స్తంభానికి చేరగిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకూ ఇది ఇప్పుడే తెలిసింది.

రేచన అక్క చేతిలోంచి బాకు తీసుకున్నాడు. బల్లాణుడి మణికట్టు పట్టుకున్నాడు. ఏటివాడి చెయ్యి. నూలు కిందనే నరం కొట్టుకుంటోంది, ఒక గింజ ఎడం కూడా లేదు. నరం తెంపినా, వాడే మంటకు తాళలేక తెంపుకునేదాకా ఊరికే నిలబడి చూసినా అన్న పగ తీరుతుంది. ఆ తర్వాత ఈ మైదానంలో తంతునాభుడికి ఎదురు నిలిచే కత్తి ఒక్కటీ మిగలదు. అక్క ముంగిట ముగ్గు సగమే ఉండిపోతుంది.

అతను బాకు తిప్పి నూలు తెంపాడు. బూడిద ఇద్దరి పాదాల మీదా రాలింది.

"నీ నూలు నేను తెంపాను," అన్నాడు రేచన. నూరేళ్ళుగా అందరి నోటా నలిగిన మాట అతని గొంతులో ముల్లులా గుచ్చుకుంది. బల్లాణుడు రెండో సగం కోసం ఎదురుచూశాడు. రేచన అది అనలేదు. "మిగతా సగం నీకు చెప్పను. ఈ జన్మలో చెప్పను. కత్తి తియ్యి."

బూడిద రాలగానే పైమెట్టు మీది వేళ్ళు టక్కున ఆగిపోయాయి. తంతునాభుడు తల తిప్పి కిందికి చూశాడు. అతని పెదాలు కదిలీ కదలక ముందే మైదానంలోని బూడిద కళ్ళ మనుషులంతా, పాలవాడూ, ఓబులూ, దుమ్మెత్తి పోసిన ముసలామె, ఏటివాళ్ళూ కొండవాళ్ళూ ఒక్కసారిగా వేదిక వైపు తిరిగారు. ఆ పండుగలో రెండు సీమలూ కలిసి చేసిన పని అదొక్కటే. చాచిన చేతులతో వాళ్ళు మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మాచల ఇద్దరి నడుమా చేరింది. బల్లాణుడు కత్తి దూసి, తన వీపును రేచన వీపుకు ఆనించి నిలబడ్డాడు. ఆ వీపు వెచ్చగా ఉంది. అన్న ఇంటికి గడియ పెట్టించినవాడి వీపు. అయినా రేచన పక్కకు జరగలేదు.